ముందు టైర్ల మీద అక్క మాట

చిరంజీవి తమ్ముడికి, అక్క దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. అందులో కొంచెం తేడా ఉంది, తర్వాత చెబుతాను. కంగారుపడకు, అందరం తింటున్నాం, పోట్లాడుకుంటున్నాం.

పాపకి ముందుపన్ను ఊడిన ఫోటో అందింది. షాపులో గాలి మిషను పైన గోడకి అంటించాను. గాలి పట్టించుకోవడానికి వచ్చినవాళ్ళంతా "ఎవరండీ ఈ బోసినవ్వు?" అంటున్నారు. నా మేనకోడలని గొప్పగా చెప్పుకుంటున్నాను. మరదలి నడుంనొప్పి తగ్గిందా? బరువులు ఎత్తనివ్వకు, నువ్వేమీ అరిగిపోవు.

ఇక నీ అసలు ప్రశ్న. ఆదివారం పందెం ట్రాకులో పావు మైలు దూసుకెళ్ళే కారే సోమవారం పాపని బడిలో దింపుతుంది. ముందు చక్రాలకి సన్నటి పందెం టైర్లు వేస్తే ఇంకా తేలిగ్గా కదులుతుంది, వాటితోనే బడికీ వెళ్ళొచ్చా అని అడిగావు. "వేసుకోరా, ఏం కాదు" అని పోయిన ఉత్తరంలో రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మొన్న ఫోన్ చేసి "టైర్లు ఇప్పుడే బిగించకు" అన్నది అందుకే. ఎందుకని నువ్వడిగితే లైను సరిగా లేదని పెట్టేశాను. లైను బాగానే ఉంది.

వెనక టైర్లు బండిని తోస్తాయి. తిప్పేవీ ఆపేవీ ముందువే. బ్రేకు తొక్కగానే బరువంతా ముందుకొచ్చి పడుతుంది. ఆ సన్నవేమో పొడి ట్రాకు మీద తిన్నగా దొర్లడానికి చేసినవి. వాన నీళ్ళు తప్పుకోవడానికి వాటికి గాట్లు అంతంతమాత్రం. ఇదంతా నీకు ముందే తెలీదా అంటావు. ఇరవై ఏళ్ళుగా షాపుకొచ్చిన ప్రతివాడికీ ఇదే పాఠం చెబుతున్నాను. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

నీ ఉత్తరం వచ్చిన రోజు అలాంటి జతే షాపులో ఉంటే నా కారుకి బిగించి చూశాను. మంచి ఎండ, పొడి రోడ్డు. స్టీరింగు ఒంటివేలికి తిరిగింది. ఈ వయసులో ఒక్కదాన్నే కారులో కూర్చుని పకపకా నవ్వాను. ఆ ఊపులోనే నీకు రాసి పడేశాను. ఊళ్ళోవాళ్ళ టైర్లు మార్చడానికి తీరిక ఉంటుంది గానీ, నా కారు దగ్గరికొచ్చేసరికి రేపు విప్పుదాంలే అనుకుంటూ వారం తిరిగాను.

పోయిన గురువారం అమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే తుంపర మొదలైంది. ఎర్రలైటు పడింది, బ్రేకు తొక్కాను. చక్రాలు ఆగాయి, కారు ఆగలేదు. ఎటు తిప్పినా తిన్నగానే జారి దీపస్తంభాన్ని గుద్దింది. అమ్మ చెయ్యి ముందుకి ఆన్చుకుంది. మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు ఉండాలన్నారు. ఇంకెక్కడా దెబ్బ లేదు, ఒట్టు. కానీ ఆవిడ "అబ్బా" అన్న అరుపు ఇంకా నా చెవుల్లోనే ఉందిరా.

రోడ్డు మీద నూనె పడి జారిందని అందరికీ చెప్పాను. అమ్మకి కూడా అదే చెప్పాను. సిగ్గేసింది. నిన్న అమ్మకి జడ వేస్తూ ఉండబట్టలేక నిజం కక్కేశాను.

"దువ్వెన మెల్లగా లాగవే, ఉన్న నాలుగు వెంట్రుకలూ పీకేస్తున్నావు" అంది. తర్వాత, "వాడికి చెప్పావా?" అని అడిగింది.

"ఎలా చెప్పనమ్మా? టైర్ల విషయంలో వాడికి నా మాటే వేదం."

"అందుకే చెప్పాలి. నాదంటే ముసలి చెయ్యి, నేడో రేపో అతుక్కుంటుంది. వాడి కారులో కూర్చునేది ఆరేళ్ళ పిల్ల. జడ తర్వాత వేద్దువుగాని, ముందెళ్ళి రాయి."

సగం జడతో కూర్చోబెట్టి వచ్చి రాస్తున్నాను.

రోడ్డు మీద వాడొచ్చని ముద్ర ఉన్న టైర్లే తీసుకో. నీ వెనకవి రేడియల్ రకం కాబట్టి ముందూ అదే రకం ఉండాలి, రెండు రకాలు కలిపితే బండి అదుపు తప్పుతుంది. ఇప్పుడున్నవాటికంటే ఒక్క సైజు సన్నం చాలు. ఎంత బరువు మోస్తాయో పక్కన అంకె ఉంటుంది, నీ కారుకి సరిపోతుందో లేదో చూసుకో. పందెంలో సెకనులో పదో వంతు పోతుందేమో, పోనీ. మరీ మనసైతే పందెం జతని వేరే రిమ్ములకి ఎక్కించి డిక్కీలో తీసుకెళ్ళు. ట్రాకు దగ్గర మార్చు, ఇంటికి బయల్దేరే ముందు మళ్ళీ మార్చు.

నిన్ను ఎరగనా? ఫోన్లో వద్దన్నా, అక్కది ఉత్తి చాదస్తమని బిగించేసే ఉంటావు. నా మాట నమ్మి చేశావు, నీ తప్పేం లేదు. అలా అయితే, ఇది చదివిన రోజు కారు ఇంటి దగ్గరే వదిలేసి పాపని బడికి నడిపించుకుంటూ తీసుకెళ్ళు. ఆలస్యమెందుకైందని టీచరు అడిగితే, మేనత్త తప్పు చేసిందని చెప్పు.

ఇట్లు,
తప్పు తనదైనా నిన్నే తిట్టే
మీ అక్క