వెనక ఓడ

ఫిబ్రవరి 9
నిన్నటిదాకా చేపలు పట్టిన పడవ. ఇవాళ బూడిదరంగు పూసి, ముందు ఓ తుపాకీ బిగించి, మైన్ స్వీపర్ అన్నారు, శత్రువు నీళ్ళలో వేసిన బాంబుల్ని ఊడ్చేది. చెక్క పడవ కాబట్టి, ఇనుముకి పేలే అయస్కాంతం మైన్లు మమ్మల్ని పట్టించుకోవట. వెనక పొడుగాటి కేబుల్ ఈడుస్తూ అందులోకి కరెంటు పంపుతాం. అడుగున ఉన్న మైను పెద్ద ఓడేదో వచ్చిందనుకుని పేలిపోతుంది. ఆ కేబుల్ చుట్టే వించ్ దగ్గర నేనూ, అన్నా. సొంత అన్న కాదు. చేపల రోజుల నుంచీ ఈ పడవ మీదే ఉన్నాడు, అందరికీ అన్నే.

ఫోన్లో చెబితే మా ఆవిడ ఒకటే నవ్వు. ఇంట్లో చీపురు ముట్టని మనిషి సముద్రం ఊడుస్తాడట.

ఫిబ్రవరి 21
మొదటి మైను పేలింది. నీళ్ళు మేడంత లేచాయి. వంటవాడి గిన్నెలన్నీ బోర్లాపడ్డాయి. పిచ్చివాళ్ళలా నవ్వాం.

మార్చి 4
మా పక్కన ఊడ్చే పడవ పోయింది. ఒక్కడూ దొరకలేదు. కెప్టెన్ టోపీ తీశాడు. మేం మళ్ళీ కేబుల్ నీళ్ళలోకి వదిలాం.

మార్చి 17
ఊరు ఖాళీ చేయిస్తున్నారు. ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఓడలెక్కించి, మేం ఊడ్చిన దారిలోనే వరసగా పంపుతారు. మా ఆవిడా, అన్న భార్యా ఒకే వీధి, కలిసే వస్తారు. రేవులో ఫోన్ దొరికితే మా ఆవిడకి గట్టిగా చెప్పాను, ముందు ఓడ వద్దు, అన్నిటికంటే వెనకది ఎక్కు అని. ఎంత ఊడ్చినా ఒకటో అరో మిగులుతుంది. దాని మీదికి ముందెళ్ళినవాడే పోతాడు. ఇది మా పనిలో ఉన్నవాళ్ళకే తెలిసిన కిటుకు. నీ కంగారు నువ్వూ అని విసుక్కుంది. నా మాట ఎప్పుడు విందని? నేను తూర్పంటే తను పడమర.

మార్చి 19
ఆటుకి బురదలో ఒక మైను బయటపడితే విప్పి చూశారట. కొత్త రకం. కెప్టెన్ చదివి వినిపించాడు. మన కేబుల్ దాటినా, ఓడలు దాటినా అది లెక్కపెట్టుకుంటూ ఊరికే కూర్చుంటుంది. తనకి పెట్టిన అంకె వచ్చాకే పేలుతుంది.

అంటే ముందెళ్ళినవాడు బతుకుతాడు. వెనకవాడు పోతాడు.

ఒక్క ఫోన్ చేసుకోనివ్వమని కెప్టెన్ కాళ్ళావేళ్ళా పడ్డాను. ఒడ్డుకి పోవడానికి లేదు. రేడియో వాడకూడదు. ఆ లెక్కేదో ముందే నిండాలని దారంతా మళ్ళీ మళ్ళీ ఊడ్చాం. దేవుడా, ఈసారి కూడా తను నా మాట వినకూడదు.

మార్చి 20, మధ్యాహ్నం
అన్ని ఓడలూ దాటాయి. చివరిది మా కళ్ళ ముందే రెండుగా విరిగింది. దొరికినవాళ్ళని పైకి లాగాం. ప్రతి మొహం తిప్పి చూశాను. అన్నా చూశాడు. మా ఇద్దరి ఆడవాళ్ళూ దొరికినవాళ్ళలో లేరు.

మార్చి 22
మా ఆవిడ బతికే ఉంది. ముందు ఓడే ఎక్కింది. అవతలి రేవు నుంచి ఫోన్లో తన గొంతు వినపడింది. అంత సంతోషం నా జన్మలో ఎరగను. ఆమె మాత్రం ఒకటే ఏడుపు. తను వినలేదు గానీ, నేను చెప్పిన మాట అన్న భార్య చెవిన వేసిందట. ఆ పనిలో ఉన్న మనిషికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అంటూ ఆమె వరసలోంచి తప్పుకుందట. వెనక ఓడ కోసం ఆగిపోయిందట.

మార్చి 23
కేబుల్ చుడుతూ అన్న మాట్లాడాడు. తన భార్య ఎవరో చెబితే నమ్మి వెనక ఓడకి ఆగిపోయిందని, ప్రాణాలతో దొరికినామె ఒకతె చెప్పిందట. ఆ చెప్పినవాడెవడో మీ ఆవిడని అడిగి కనుక్కో తమ్ముడూ అన్నాడు.

అడుగుతానన్నాను.