గుర్రం కన్నా చౌకైన గంట

మురళీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ స్నేహితులు చంద్రపూర్ వచ్చి, కేబుల్ టీవీ ఆపించి, మన వరండాలో మళ్లీ పాచికలు వేసి నువ్వు కథ అల్లి ఆడించే ఆ వీరుల ఆట ఆడారు. ఇప్పుడు ఆట నడిపేది గడ్‌చాందూర్ రమేశ్. మంత్ర వస్తువులకు ధర కట్టేదీ అతనే, బెల్లం తూచినట్టు. నువ్వు కల్పించిన గంట, ఆటలో చచ్చిన తోటి వీరుణ్ణి బతికించేది, ఐదొందల నాణేలట! గుర్రానికే ఆరొందలు.

"గంత చౌకేంది రా?" అన్నాను.

"రోజుకు ఒక్కపారే మోగుతది కదక్కా, అందుకే తగ్గించిన," అన్నాడా మేధావి.

నువ్వైతే, "ఎవ్వరు కొనలేనంత పెట్టాలె అక్కా, లేకుంటే ఆటల చావుకు భయమేడిది?" అనేవాడివి. ఆ మొద్దుకు వివరించడం దండగ.

నేను కొత్తిమీర కట్టకూ బేరమాడతానని నవ్వేవాడివి. ఆ గంట ఐదొందలకు దొరికితే నేను నోరెత్తేదాన్ని కాదు.

అక్క