రక్తం రాకముందే పెట్టిన టిక్కు గురించి

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,
ఆపరేషన్ థియేటర్ హెడ్ నర్సు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: రక్తం సంచులు తెచ్చే పెద్దాయన సస్పెన్షన్ రద్దుచేసి, సదరు శిక్ష నాకు విధించుట గురించి.

1. గత మంగళవారం ఉదయం, మాయ గర్భసంచి గోడలోకి పాతుకుపోయిన ఒక గర్భిణికి కాన్పు ఆపరేషన్ జరిగినది. ఇటువంటి కేసులో ఆరు సంచుల రక్తం థియేటర్ ఫ్రిజ్‌లో చేరిన పిదపనే కత్తి పెట్టవలెనని తమరి ఉత్తర్వు. చేరినట్లు బోర్డు మీద టిక్కు పెట్టవలసినది నేను.

2. రక్తనిధికి ఫోన్ చేయగానే టిక్కు పెట్టేయడం నాకు పన్నెండేళ్ల అలవాటు. ఏనాడూ ఇబ్బంది రాలేదు. రాలేదు కాబట్టి అదే పద్ధతి అనుకున్నాను. డాక్టరమ్మ కత్తి అందుకుంటూ "రక్తం వచ్చిందా సిస్టర్?" అని అడిగారు. "వచ్చిందండీ" అన్నాను. బోర్డు వైపు చెయ్యి కూడా చూపించాను.

3. బిడ్డ బయటికొచ్చి ఏడ్చింది. ఆ వెంటనే తల్లికి రక్తం ధారకట్టింది. ఫ్రిజ్ తెరిస్తే ఖాళీ. డాక్టరమ్మ పెద్ద రక్తనాళాన్ని పిడికిలితో నొక్కిపట్టి నా వైపు ఒక్కసారి చూశారు. సదరు చూపు విచారణ నివేదికలో నమోదు కాలేదు.

4. పెద్దాయన ఆలస్యం చేశారని నివేదిక. చేయలేదు. నా సంతకం ఉన్న చీటీ లేనిదే రక్తనిధి వారు సంచులివ్వరు. చీటీ నా జేబులో ఉంది. ఆయన రెండుసార్లు తలుపు దగ్గరికొచ్చి "చీటీ ఇయ్యమ్మా" అంటే, "ఉండు బాబాయ్, నా ప్రాణం తీయకు" అని కసిరాను. ఫ్రిజ్ చూశాకే ఆయన చేతిలో పెట్టాను. మూడంతస్తులు దిగి, సంచులతో పరుగెత్తుకొచ్చేసరికి పద్నాలుగు నిమిషాలు. విచారణలో ఆయన నా ఊసే ఎత్తలేదు. ఎదురుగా కూర్చున్న నేను బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయాను. సిగ్గుతో చచ్చిపోతున్నానండీ.

5. తల్లి బతికింది. గర్భసంచి తీసేయక తప్పలేదు. "ఎలాగూ తీయాల్సి వచ్చేదేమో, మనసు పాడుచేసుకోకు" అంటారు డాక్టరమ్మ. ఆ 'ఏమో' చాటున దాక్కోవడం నావల్ల కావడం లేదు.

కావున పెద్దాయనను విధుల్లోకి తీసుకొని, నన్ను తొలగించవలెను. జరిగినది ఆ తల్లికి నా నోటితో చెప్పుకొనుటకు అనుమతి ఇప్పించవలెను. ఆమె రోజూ నా చెయ్యి పట్టుకుని "అంతా మీ చేతి చలవే అక్కా" అంటోంది. ఎల్లుండి ఇంటికి వెళ్లిపోతుంది.

ఈ ఒక్కసారి నా మాట నమ్మి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
థియేటర్ హెడ్ నర్సు

తా.క.: అనుమతి వచ్చేదాకా ఆగలేకపోయానండీ. ఇందాకే వెళ్లి చెప్పేశాను. అప్పుడు బిడ్డ నా ఒళ్లో ఉంది, కాసేపు ఎత్తుకోమని ఆమే ఇచ్చింది. అంతా విన్నది. తిట్టలేదు, ఏడవలేదు. "బిడ్డను ఇటివ్వండి" అంది.