మీ అమ్మ ఎత్తిన బోనం

అలంపూర్,
7 అక్టోబర్ 2024, సోమవారం.

బిడ్డ మానసకు,

మీ నాన్న దాసు, ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసేది. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నువ్వు బాగున్నావని, మీ అమ్మ నీతో ఫోన్లో మాట్లాడుతుంటే పక్కనుంచి విని తెలుసుకుంటున్నాను. నా ఫోన్ నువ్వు ఎత్తడం లేదు కాబట్టి కాగితం పట్టాను. మెసేజ్ పెట్టవచ్చు కానీ ఇంత మాట బొటనవేలితో రాయడం నాకు చేతకాదు. రేపు నరేందర్ వనపర్తికి పోతున్నాడు. మీ హాస్టల్లో ఇచ్చి వస్తానన్నాడు.

సీడు పత్తిలో క్రాసింగు పని అయిపోవచ్చింది. పొద్దున్నే పూలకు పుప్పొడి రుద్ది మీ అమ్మ వేళ్లు పచ్చబడ్డాయి. వాన ఎక్కువై కింది కాయ కొంత మురిగింది. మిగతా చేను ఫరవాలేదు. బర్రె ఈనింది, దూడ ఆడది.

దసరా సెలవులకు వస్తావో రావో నువ్వు చెప్పలేదు. వచ్చినా రాకపోయినా ఇక్కడ జరిగింది నా ద్వారా నీకు తెలియాలి. మీ అమ్మ ఏదైనా సగమే చెబుతుంది.

ఆగస్టులో నువ్వు అన్న మాట నాకు గుర్తుంది. కట్టుకున్న భార్య ముందు నుంచి రొట్టె పళ్లెం పట్టుకుని దాటిపోయే మనిషితో నాకు మాటల్లేవు అన్నావు. దాటిపోయింది నిజమే. నెల మొదటి ఆదివారం సంఘంలో ప్రభువు బల్ల రొట్టె పళ్లెం అందరి దగ్గరికీ తీసుకుపోయే పని, సంఘ పెద్దను కాబట్టి, నాది. ఎవరికి ఇవ్వాలో ఎవరికి ఇవ్వకూడదో తేల్చేది నేనొక్కణ్ణే కాదు. అయినా నువ్వు ఈ గొడవను హాస్టల్లో ఉండి ముక్కలు ముక్కలుగా విన్నావు. మొదటి నుంచి రాస్తాను.

ఫిబ్రవరిలో సినిమావాళ్లు నది ఒడ్డున దిగారు. చెక్కతో, థర్మాకోల్‌తో ఒక అమ్మవారి గుడి నిలబెట్టారు. జాతర తీయడానికి వాళ్లకు జనం కావలసి వచ్చింది. చేలల్లో పని లేని రోజులు. మన వాడ నుంచి ఆడవాళ్లు ఒక ట్రాక్టరు నిండా పోయారు, అందులో మీ అమ్మ ఉంది. ఆ వారం నేను ఉప్పునుంతలలో మీ మేనత్త ఇంటికి రేకులు వేయిస్తున్నాను. తిరిగి వచ్చి అడిగితే, “ఏముంది, గుంపుల నిలవడి వచ్చినం” అంది. అంతటితో ఆ మాట అయిపోయిందనుకున్నాను.

జూలైలో ఆ సినిమా పాట ఒకటి ఫోన్లలోకి వచ్చింది. నరేందర్ దాన్ని జయపాల్ అయ్యగారి ఇంటికి పట్టుకొచ్చి నన్ను పిలిపించాడు. సంఘానికి అయ్యగారు కాపరి, నేనూ నరేందర్ పెద్దలం కాబట్టి ముగ్గురం కూర్చుని చూశాం. జాతరలో ఒక ఆడమనిషి నెత్తిన బోనం పెట్టుకుని, నుదుట రూపాయంత బొట్టుతో, ముఖానికి పసుపుతో నడుస్తోంది. పళ్లన్నీ కనబడేట్టు నవ్వుతోంది. నేను మీ అమ్మను గుర్తుపట్టలేదు. నరేందర్ గుర్తుపట్టాడు. ఆమె బొట్టు తీసేసి ఇరవై ఏళ్లు దాటింది కదా, ఆ ముఖం నాకు అలవాటు తప్పింది.

మన సంఘంలో టీవీ ఉన్న ఇల్లు లేదు, సినిమాకు పోయే మనిషి లేడు అని బయటివాళ్లకు గొప్పగా చెప్పుకుంటాం. ఫోన్ల మాట మాత్రం ఎవరూ ఎత్తరు. అది పాపమో కాదో తేల్చుకోవడానికి ముగ్గురం ఆ పాటను తిప్పి తిప్పి చూశాం. చూడగా చూడగా నరేందర్ కాలు దరువుకు ఆడుతోంది. అది చూసి అయ్యగారు ఫోన్ బోర్లా పెట్టారు.

అయ్యగారు చెడ్డ మనిషి కాదు, అది నీకూ తెలుసు. నీకు జ్వరం వచ్చినప్పుడు కర్నూలు దవాఖానలో మాతోపాటు కూర్చున్నది ఆయనే. ఆయన బాధ వేరు. “గుంపుల నిలవడితే నేనేం అనకపోదును దాసూ. బోనం ఎత్తుడు మొక్కు గద. అది కూడ నవ్వుకుంట ఎత్తింది” అన్నారు. సంఘంలో లేచి తప్పయిందని ఒక్క మాట చెబితే చాలు, ఆ వారమే రొట్టె ఇద్దామన్నారు. నాకూ అది సబబే అనిపించింది. మీ అమ్మకు చెప్పాను.

“తప్పని నా మనసు అంటలేదు. మనసు అనని మాట నోటితోని ఎట్ల అనాలె? అది ప్రభువు ముందల అబద్ధం గాదా?” అంది.

నేను కొంచెం గట్టిగానే మాట్లాడాను. దానికి ఆమె, “క్రిస్మస్ నాటికల హేరోదు రాజువై మీసం అంటించుకొని, పసిపిల్లలను నరుకున్రి అని ఒర్లుతవు. ఏ ఏడన్న నిన్ను బల్ల కాడికెల్లి లేపిన్రా?” అంది. అది నాటకం కదా అన్నాను. “మరి నాది ఏంది, పెండ్లా?” అంది.

హేరోదును మొక్కేవాళ్లు ఎవరూ లేరు, బోనం ఎత్తి మొక్కేవాళ్లు మన పక్కింట్లోనే ఉన్నారు, నాటకమైనా రెండూ ఒకటి కావు అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. ఆమె గిన్నెలు తీసుకుని వాకిట్లోకి పోయింది.

అట్లా ఆగస్టు పోయింది, సెప్టెంబరు పోయింది. మీ అమ్మ ఒక్క ఆదివారం కూడా మానలేదు. తలుపు పక్క చివరి చాప మీద కూర్చునేది. పాటల్లో గొంతు తగ్గించలేదు. నేను పళ్లెంతో వచ్చేటప్పుడు మోకాళ్లు పక్కకు జరిపి నాకు దారి ఇచ్చేది. నువ్వు నా మీద కోపంతో ఉన్నావు. ఆమె ఒకనాడన్నా కోపంగా చూసి ఉంటే నాకు సులువుగా ఉండేది.

మొన్న శనివారం మీ అమ్మను కూడా పిలిపించి అయ్యగారి ఇంట్లో మళ్లీ కూర్చున్నాం. ఆదివారం వసంతకు బాప్తిస్మం పెట్టుకున్నాం. మన వీధి చివరి రమేష్ భార్య, నీకు తెలుసు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి డప్పు మోగితే చాలు ఆ పిల్లకు పూనకం వచ్చేది. ఆ బాధ పోవాలని మన ప్రార్థనకు రావడం మొదలుపెట్టి ఏడాది దాటింది. ఇక పూనకం రాదని తేలేదాకా ఆగుదామని అయ్యగారే ఇన్నాళ్లు ఆపారు. ఇప్పుడు ఆ పిల్లను దృష్టిలో పెట్టుకునే మీ అమ్మ సంగతి ఎత్తారు.

“రేపు వసంత నీళ్లల్ల దిగుతది. నిన్నమొన్నటి దాక బోనం ఎత్తిన పిల్ల. సంఘ పెద్ద ఇంట్ల ఆడమనిషే ఎత్తంగ చూస్తే ఆ పిల్ల ఏమనుకోవాలె భాగ్యమ్మా?” అని అడిగారు.

మీ అమ్మ నేల చూసింది.

అప్పుడు లేచింది ఈదమ్మ. ఆమెను ఎవరూ పిలవలేదు. తనే వచ్చి గడప మీద కూర్చుని ఉంది. సంఘంలో అందరికన్నా ముందు బాప్తిస్మం తీసుకున్న మనిషి కాబట్టి ఆమెను పొమ్మనేవాళ్లు లేరు. బాప్తిస్మం నాడు ఎస్తేరు అని పేరు పెట్టారు, ఆ పేరుతో పిలిస్తే ఇప్పటిదాకా పలకలేదు.

“అయ్యగారూ, నన్ను ఈదమ్మా అని పిలుస్తరు గద. ఈదమ్మ అంటె ఊరి బయట ఉన్న దేవత. నన్ను పిలిచినప్పుడల్ల మీరు ఆమెకు మొక్కినట్లేనా? మొక్కినట్లయితె, ఇన్నేండ్ల సంది మీకు పలికింది ఆమెనా, నేనా?” అంది.

ముందు నవ్వింది అయ్యగారే. నరేందర్ మాత్రం, “పేరు వేరే అవ్వా, బోనం వేరే” అన్నాడు. “నువ్వు ఆ పాట చూసుకుంట కాలు ఆడించినవంట. ముందుగాల ఆ కాలుతోని తప్పయిందని చెప్పియ్యి, తర్వాత భాగ్యమ్మ మాట జూద్దం” అంది. నరేందర్ నా వైపు చూశాడు. ఆ సంగతి ఆమె చెవిన ఎవరు వేశారో నేను ఇక్కడ కూడా రాయను.

నవ్వులు అయ్యాక అయ్యగారు మీ అమ్మను మామూలు గొంతుతో అడిగారు. “అది నెత్తిన పెట్టుకున్నప్పుడు నీ మనసు ఎవరి మీద ఉండె భాగ్యమ్మా? గదొక్కటి చెప్పు.”

“ఒక ఆడమనిషి మీద ఉండె అయ్యగారూ. దేవత మీద లేదు. ఇంతకన్న నన్ను అడుగకుండ్రి” అంది.

మాకు ఆ జవాబు అర్థం కాలేదు. అయినా అయ్యగారు, “నీ మనసు నీ మీద నేరం మోపకపోతే నేను మోపలేను. లేచి చెప్పే పని లేదు. కాని ఇంకోసారి గట్ల పోకు. నీ కోసం కాదు, కొత్తగ వచ్చినోల్ల కోసం” అన్నారు.

“కొత్తోల్ల కోసమైతె ఇంగ పోనే పోను” అంది మీ అమ్మ వెంటనే. అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదని నీకు తెలుసు. నాకు ఆశ్చర్యమే వేసింది.

నిన్న ఆదివారం పొద్దున తుంగభద్రలో వసంతకు బాప్తిస్మం అయింది. నీళ్లు ఎర్రగా, జోరుగా ఉన్నాయి. నేనూ నరేందర్ చెరో పక్క పట్టుకున్నాం. రమేష్ మన ప్రార్థనకు రాడు కానీ ఒడ్డున నిలబడ్డాడు. పొడి చీర, తువ్వాల చేతిలో పట్టుకుని ఉన్నాడు. వాళ్లమ్మ రాలేదు. ఆమె కూడా వస్తుందేమో, రోజులు ఉన్నాయి.

అక్కడి నుంచి వచ్చి ఆరాధనకు కూర్చున్నాం. పళ్లెం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ చివరి చాప దాకా వెళ్లాను. మీ అమ్మ అలవాటు కొద్దీ మోకాళ్లు జరిపింది. నేను కదలలేదు. అప్పుడు చెయ్యి పైకెత్తి ఒక ముక్క తీసుకుంది. నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. నాకు ఇంకా ఇద్దరికి ఇవ్వాల్సి ఉంది, ఇచ్చాను.

ఆ సినిమా దీపావళికి వస్తుందట. నేను పోను. మందితో చీకట్లో కూర్చుని ఈలల మధ్య దాన్ని చూడడానికి నా మనసు ఒప్పదు. నువ్వు మీ స్నేహితులతో పోతే ఆపను. పోయిన ఏడు అయితే ఆపేవాణ్ణి. ఇంట్లోకి టీవీ మాత్రం తేను, సంఘం తెచ్చుకోమన్నా తేను. అది నా మాట. రేపు నీ ఇల్లు నీకు ఉన్నప్పుడు నీ మాట నీది.

దసరాకు వస్తే ముందు రోజు మీ అమ్మకు చెప్పు. బస్టాండుకు బండి తెస్తాను. నాతో మాట్లాడకపోయినా ఎక్కి కూర్చో.

ప్రభువు నిన్ను కాచుగాక.

మీ నాన్న,
దాసు

తా.క. మంగళవారం పొద్దున చేనులో కూర్చుని ఇది రాస్తున్నాను. నరేందర్ బండి దగ్గర నిలబడి తొందర పెడుతున్నాడు. వసంత ఇవాళ మన చేనులో క్రాసింగుకు వచ్చింది. వచ్చీ రాగానే మీ అమ్మ ముందే నాకు ఒక మాట చెప్పింది. షూటింగు రోజు సినిమావాళ్లు మొదట బోనం పెట్టింది వసంత నెత్తిన. గుడి అబద్ధం, దేవత అబద్ధం, కానీ డప్పులు మాత్రం నిజం డప్పులు. అవి మోగగానే ఆ పిల్ల కాళ్లు వణికాయి, ఒళ్లు ఊగడం మొదలైంది. సినిమావాళ్లు అది నటన అనుకున్నారు. భలే చేస్తోంది, అట్లే కానీయమని అరుస్తూ ఇంకా గట్టిగా కొట్టించారు. గుంపులో ఉన్న మీ అమ్మ ముందుకు వచ్చి ఆ పిల్ల నెత్తి మీది బోనం తీసి తన నెత్తిన పెట్టుకుంది. ఇంకో చేత్తో ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. “జూడు పిల్లా, ఉత్త కుండ. లోపల ఏం లేదు, జూడు” అని నవ్వుతూ, ఆ పిల్లను నవ్విస్తూ నడిచింది. పాటలో మేం చూసిన నవ్వు అదే. పక్కనున్న వసంత మాకు కనబడలేదు. పూనకం సగంలోనే ఆగిపోయిందట, మళ్లీ రాలేదట. ఈ సంగతి తెలిస్తే అయ్యగారు బాప్తిస్మం ఇంకా వెనక్కు పెడతారని, నీళ్లలోంచి లేచేదాకా నోరు విప్పవద్దని మీ అమ్మే ఆమె దగ్గర మాట తీసుకుందట. వచ్చే ఆదివారం సంఘంలో లేచి అంతా చెప్పేస్తానని వసంత అంటోంది. చెబితే ఈసారి వసంత మీద పంచాయితీ పెడతారు, ఊరుకొమ్మని మీ అమ్మ అంటోంది. ఇద్దరూ పూలు వదిలేసి గట్టు మీద వాదులాడుకుంటున్నారు. చెప్పడమే మంచిదని నాకు తోస్తోంది. కానీ నా మాట ఇద్దరూ వినడం లేదు. నువ్వు వచ్చి చెప్పు.