బుల్లమ్మ వదిలేసిన నోటుబుక్కు

ఆస్టినాబాద్,
20 నవంబర్ 2023.

చిరంజీవి బుల్లమ్మకు, నీ టీచర్ దీదీ భారతీదేవి ఆశీస్సులు.

అక్కడ నువ్వు క్షేమంగా ఉన్నావని మీ నాయనమ్మ కాసులమ్మ చెప్పింది. ఇక్కడ నేనూ క్షేమమేనని రాయాలి కాబట్టి రాస్తున్నాను. నిన్న చేపల బుట్ట దింపుకుని నా గుమ్మంలో కూర్చుంటే, నీ కొత్త ఫోన్ నంబరు అడిగాను. నానేటి సెయ్యనమ్మా, టీచరమ్మకి ఇవ్వొద్దని నా సేత కసమ్ ఏయించుకుంది అంది. నా మొహం చూసి జాలేసినట్టుంది, అడ్రసుకి మాత్రం ఒట్టు లేదులే అని అడ్రసు చెప్పింది.

ఈ దీవుల ఉత్తరపు కొసన డిగ్లీపూర్‌లో గది తీసుకుని హిందీ వీడియోలకు గొంతు ఇస్తున్నావట. వచ్చే నెల ఓడెక్కి వైజాగు, అక్కణ్ణుంచి నెట్ ఎక్కడ బాగుంటే అక్కడికట. లాప్‌టాపూ మైకూ ఉంటే చాలు, మా పిల్ల ఆఫీసు దాని సంచీలోనే ఉంటాదని కాసులమ్మ ఒకటే మురిసిపోయింది. నాకూ గొప్పగానే అనిపించింది. ఆవిడ వెళ్లాక తలుపేసుకుని కాసేపు ఏడ్చాను.

మనం మొదలుపెట్టిన రోజు నీకు గుర్తుందో లేదో. సముద్రం అడుగున తీగ వేసి, ఇక్కడ నెట్ కాస్త నిలబడిన కొత్త. చేపలతో పాటు నువ్వూ వచ్చి, ఫోన్ నా ముక్కు దగ్గర పెట్టి, టీచర్ దీదీ, తెలుగు గొంతు కావాలంట, ఇంట్లో కూర్చుని చేసే పనంట, మీరు చదవండి నేను మైకులో బోల్తా అన్నావు. ఇదేం తెలుగే అని కసురుకున్నాను. అయినా రెండో రోజుకల్లా మావారు పోయాక తాళం తీయని వెనకగదిలో బయటి చప్పుడు రాకుండా రెండు దళసరి రజాయిలు వేలాడదీశాం. అక్కడ నేను కాగితం చదవడం, నువ్వు దాన్ని నోటుబుక్కులో హిందీ అక్షరాల్లో రాసుకోవడం, ఫ్యాను కట్టేసుకుని చెమటలు కక్కుతూ మైకులో చెప్పడం. ఊపిరి తీసుకోవాల్సిన చోటల్లా చిన్న గేలం బొమ్మ గీసుకునేదానివి. విని ఏడుగురు వద్దన్నారు. ఎనిమిదోవాడు కొబ్బరి చెట్టెక్కే యంత్రం వీడియో ఇచ్చాడు. అందులో ఎదురింటి కోడి కూత కూడా పడింది. ఎంత నిజంగా ఉందోనని అతను మెచ్చుకుంటే ఇద్దరం నవ్వలేక చచ్చాం.

తెలుగును హిందీ అక్షరాల్లో రాస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది, దాచను. ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ దీవుల్లో అ ఆలు దిద్దించినదాన్ని. ఓనమాలు నేర్చుకోమని రోజూ సతాయించాను. నువ్వేమో టైమ్ నహీ హై దీదీ అనేదానివి. నీ తప్పేముంది? హోప్ టౌన్ నుంచి రోజూ ఫెర్రీ దాటించి తెలుగు బడికి పంపలేక మీ నాన్న నిన్ను పక్కనున్న హిందీ బడిలో వేశాడు. మాట మాత్రం మీ తాత శ్రీకాకుళం తీరం నుంచి తెచ్చిందే, నీ నోట్లో భద్రంగా ఉంది. ఆ సంగతి నాకు ఇప్పుడు తెలిసింది.

ఇక అసలు విషయానికి వస్తాను. వీలైతే దాటేద్దామని చూస్తున్నాను గానీ కుదరదు.

హైదరాబాదాయన మనం చేసినవి విని, పిల్లల్ని నిద్రపుచ్చే కథలకు గొంతు కావాలని వీడియో కాల్‌లో మాట్లాడిన రోజు, తెరమీద ఒక పేజీ పెట్టి, చదువమ్మా అన్నాడు. నువ్వు నా వైపు చూశావు. ఒక్క నిమిషం ఆగండి, మా పద్ధతి ఇది అని నేను చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. ఆ పిల్లకి తెలుగు చదవడం రాదండీ, ఎంత చెప్పినా నేర్చుకోదు, కావాలంటే నేను చదువుతాను అన్నాను. అని ఊరుకోకుండా పేజీ మొత్తం గడగడా చదివేశాను. చదువుతున్నంతసేపూ భలే బాగుందని కూడా అనుకున్నాను. పని నాకే ఇచ్చాడు. నోటుబుక్కు కూడా తీసుకోకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయావు. పిలవాల్సింది. నువ్వే రేపు వస్తావులే అనుకున్నాను.

అది జరిగి మూడు నెలలు. అరవై రెండేళ్లకు నేనూ నీలాగే ఇంట్లో కూర్చుని సంపాదించేదాన్ని అయ్యాను. పొద్దున్నే స్కూటర్లు మొదలవకముందు రజాయిల మధ్య దూరి నాలో నేను మాట్లాడుకోవడం, తర్వాత చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తప్పులు ఏరడం. రోజంతా ఈ ఇంట్లో నా గొంతు నాకే వినిపిస్తోంది. ఐదింటికే పొద్దు పోతుంది. టీ రెండు గ్లాసులకు పెట్టేసి, ఒకటి వంపేస్తాను. వారం దాటినా నాతో మాట్లాడే మనిషి కాసులమ్మ ఒక్కతే, అది కూడా చేపల గురించి. ఒంటరిగా ఉండటం నాకు అలవాటే అనుకున్నాను. కాదని తేలింది.

పోయిన వారం ఆయన ఫోన్ చేసి, మేడమ్, ఏమీ అనుకోకండి, మీ కథ వింటే పిల్లలు నిద్రపోవడం లేదు, లేచి బళ్లోలాగా బాసింపట్టు వేసుకుని కూర్చుంటున్నారు అన్నాడు. రోషం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. అప్పుడు మన పని ఎలా సాగేదో, ఎవరు చదివేవారో, ఎవరు చెప్పేవారో మొత్తం చెప్పేశాను. ఆ రోజు నేను చేసింది తప్పని కూడా చెప్పాను. ఏ అక్షరాల్లో రాసుకుంటే నాకేమిటండీ, ఆ అమ్మాయి గొంతు కావాలి అన్నాడు. ఈ నెలాఖరు దాకా ఆగుతానన్నాడు.

నువ్వు తిరిగి రావాలని అడగను. ఓడ ఎక్కు, ఊళ్లు చూడు. నువ్వు ఎక్కడుంటే అక్కడికి నేను ఫోన్‌లో చదువుతాను, నువ్వు నీ పద్ధతిలో రాసుకో. ఓనమాల ఊసెత్తను. నీ నంబరు ఒక్కటి ఇవ్వు. పని అక్కర్లేదంటే కూడా ఇవ్వు. తిట్టడానికైనా ఫోన్ చెయ్యి.

నన్ను క్షమించు, తల్లీ.

నీ రెండో గ్లాసు టీ ఇంకా వంపేస్తున్న,
భారతీదేవి

తా.క. 23వ తేదీ. పై ఉత్తరం మడిచి కవరులో పెట్టాక తెలిసొచ్చింది, నువ్వు దీన్ని చదవలేవని. చూశావా, క్షమించమని అడుగుతూ కూడా అదే పొరపాటు. అక్కడ చదివిపెట్టే తెలుగువాళ్లు దొరుకుతారు గానీ, నా తప్పు నువ్వు ఇంకొకరి నోట వినకూడదు. అందుకే తెలుగు కాగితాలు నా దగ్గరే ఉంచుకుని, నీ నోటుబుక్కు పక్కన పెట్టుకుని, మొత్తం హిందీ అక్షరాల్లో తిరగరాశాను. మూడు రోజులు పట్టింది. ఇప్పుడు నీ చేతిలో ఉన్నది అదే. ఊపిరి ఆడని చోటల్లా నీలాగే గేలం బొమ్మ గీశాను. తప్పులు చాలానే ఉంటాయి. కవరులో ఎర్ర పెన్ను పెట్టాను, దిద్ది పంపు.