ఈసారి పుట్టిల్లే రావాలి

రేపల్లె

అమ్మకు నీ ఝాన్సీ నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. కర్లపాలెంలో నువ్వూ నాన్నా బాగున్నారని తలుస్తాను. ఆవకాయతో పాటు పంపిన నీ ఉత్తరం అందింది. ఫోన్లో నీకు సగం వినపడదు, వినపడిన సగానికే బస్సెక్కేస్తావు. అందుకే నేనూ రాస్తున్నాను. కూర్చుని చదువు.

"ఒంట్లో బాగానే ఉంటే తెనాలి ఆసుపత్రికి అన్నిసార్లు ఎందుకే?" అని అడిగావు. బాగున్నానని నాకనిపిస్తే సరిపోతుందా అమ్మా, లోపలి సంగతి మనకేం తెలుస్తుంది? వెళ్ళినప్పుడల్లా బీపీ, రక్తం చూస్తారు, అవసరమైతే స్కానింగ్ చేస్తారు. మొదట్లో నేనూ విసుక్కున్నాను. ఒకసారి ఎండగా ఉంది, మానేద్దామంటే మీ అల్లుడు ఊరుకోలేదు. పట్టుబట్టి రైలెక్కించారు. మంచిపని చేశారు.

అయిదో నెలలో నువ్వొచ్చి, "పొట్టేంటే ఇంత ఉంది?" అంటే నవ్వి ఊరుకున్నాను, గుర్తుందా? కవలలమ్మా! ఇద్దరు! ముందే తెలుసు, మంచి ఘడియ చూసి చెబుదామనుకున్నాను. ఈలోపు, ఆ విసుక్కుంటూ వెళ్ళిన రోజే, ఒక బిడ్డ ఎదుగుదల వెనకబడిందన్నారు. "తరచూ చూస్తుంటే ఏం చెయ్యాలో సమయానికి తెలుస్తుంది. ఒక్కసారి కూడా తప్పొద్దు," అన్నారు డాక్టరమ్మ. అప్పటినుంచి వారం వారం వెళ్ళాం. నీకు చెబితే నిద్ర మానేస్తావని దాచాను. తిట్టు, పడతాను.

నిన్నటి స్కానింగ్‌లో ఆ చిన్నప్రాణం బాగా పుంజుకుందమ్మా. రెండు గుండెలూ వినిపించారు. మీ అల్లుడు కళ్ళు తుడుచుకుంటూ, ఏసీ పడలేదని బుకాయించారు. ఆడో మగో అడక్కు, చెప్పరు.

ఏడో నెలలో నన్ను తీసుకెళ్ళడానికి రోజు చూశామన్నావు. తొలికాన్పు పుట్టింట్లో జరగకపోతే నలుగురూ ఏమనుకుంటారోనని నీ దిగులు. కానీ కవలలు ముందే వచ్చేయవచ్చట. మొదటినుంచీ చూస్తున్న డాక్టరమ్మను వదిలి ఇప్పుడు మీ దగ్గరి బాపట్లలో కొత్తగా మొదలుపెట్టలేను. ఆ చూసిన రోజుకే నువ్వు వచ్చెయ్. అత్తయ్య నీకోసం ముందుగది సర్దేశారు. ఎవరైనా అడిగితే, ఈసారి పుట్టిల్లే రేపల్లె వెళ్తోందని చెప్పు.

ఊయలకు నీ మెత్తటి నేతచీర ఉతికి దాచానన్నావు. ఇంకొకటి కూడా ఉతుకు.

ఇట్లు,
నీ బిడ్డ ఝాన్సీ,
దాని బిడ్డలిద్దరూ