దగ్గాల, తగ్గాల

జమ్మలమడుగు,
శనివారం.

ప్రియమైన సుందరికి,

రూబెన్ వందనాలు. దేవుని దయవల్ల నేనూ మీ అమ్మా కులాసాగా ఉన్నాం. కువైట్‌లో నీ ఒంట్లో కూడా బాగుందని నమ్ముతాను. పక్కింటి షాహీదాబీ కొడుకు ఇలియాస్ సెలవు అయిపోయి సోమవారం అక్కడికి బయలుదేరుతున్నాడు. అతను తెచ్చిన నీ ఉత్తరానికి అతని చేతే జవాబు పంపుతున్నాను. ఫోనుండగా ఈ మనిషికి ఉత్తరమేందని నవ్వుకుంటావు. కారణముంది, చివర్లో చెబుతాను.

నువ్వడిగినవి ముందు రాస్తాను. మీ అమ్మ నీళ్ళు బాగానే తాగుతోంది. పూటకో చెంబు, గోరువెచ్చగా, ఎదురుగా కూర్చుని తాగిస్తున్నాను. తెమడ పలచబరిచే బిళ్ళ గ్లాసు నీళ్ళలో వేస్తే బుస్సుమని పొంగుతుంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. "దీనికన్నా ఆ దగ్గే మేలు అల్లుడా" అంటూనే తాగుతుంది. వెనక దిండ్లు పెట్టి కూర్చోబెడుతున్నాను. ఉమ్మడానికి మూతున్న డబ్బా ఇచ్చాను. అల్లుడి ముందు ఉమ్మడమేమిటని మొదట్లో సిగ్గుపడి మింగేసేది. ఇప్పుడు నేనే గోడవైపు తిరిగి నిలబడతాను.

పొద్దున్నే వీపు తడుతున్నాను, అరచేయి గుంటగా ముడిచి, నువ్వు నేర్పినట్టే. తడుతుంటే పాత రోజులు గుర్తొస్తాయి. నాకు నిమోనియా వచ్చి ఈ ఊరి ఆసుపత్రిలో పడుకున్నప్పుడు నువ్వు కొత్తగా చేరిన నర్సమ్మవి. నా వీపు మీద నువ్వు తట్టే చప్పుడు జట్కాబండి పోతున్నట్టుండేది. "దగ్గప్పా, సిగ్గేంది?" అని కసిరేదానివి. నయమయ్యాక కూడా రెండ్రోజులు ఊపిరాడనట్టు నటించానని నీకిప్పటికీ తెలియదేమో. ఆ రెండ్రోజుల పుణ్యమే మన పెళ్ళి. ఆ వార్డు, ఆ కిటికీ, తెల్లచీరలో నువ్వు, అన్నీ ఇప్పటికీ కళ్ళముందే.

ఇక దాచిన మాట. పోయిన నెల పులివెందులలో ప్రార్థన కూటాలకు వెళ్ళామని ఫోనులో చెప్పాను చూడు, అది అబద్ధం. మేమప్పుడు ప్రొద్దుటూరులో ఆసుపత్రిలో ఉన్నాం.

బిళ్ళ మొదలుపెట్టిన రోజు నువ్వు ఫోనులో "అమ్మ బాగా దగ్గాల" అన్నావు. నాకు "తగ్గాల" అని వినబడింది. తగ్గాల్సిన దగ్గు మరునాటికి ఇంకా ఎక్కువైంది. భయపడి, అలమరలో ఉన్న దగ్గు ఆపే సిరప్పు రెండు రోజులు పట్టించాను. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. నువ్వు చెప్పినట్టే తగ్గిందని దేవునికి స్తోత్రం కూడా చెప్పాను. మూడోనాడు పొద్దున షాహీదాబీ కూర ఇవ్వడానికి వచ్చి, మీ అమ్మ పెదాలు నల్లబడటం చూసి, ఆటో పిలిపించింది.

అక్కడ ట్యూబు వేసి తెమడ లాగేశారు. సిరప్పు సంగతి చెబితే నర్సమ్మ నన్ను నిదానంగా చూసింది. "దగ్గితేనే తగ్గేది పెద్దాయనా. కరిగిన తెమడ బయటికి రాకుంటే యాడికి పోతాది?" అంది. నాలుగు రోజులకు ఇంటికొచ్చాం. ఇప్పుడు ఊపిరి తేటగా ఉంది, నువ్వు భయపడొద్దు. దూరాన ఉన్న బిడ్డకు చెప్పొద్దని మీ అమ్మ నా దగ్గర మాట తీసుకుంది. ఆ మాట తప్పి రాస్తున్నాను. నీ తల్లిని నా చేతులారా పోగొట్టుకునేవాణ్ణి సుందరీ. నన్ను క్షమించు.

ఇంకొకటుంది, అసలు సంగతి అదే. ముప్పై ఏళ్ళు మరమగ్గాల మధ్య నిలబడిన చెవులు కదా, ఏడాదిగా సరిగ్గా వినబడటం లేదు. తెలిస్తే ఉద్యోగం వదిలి వచ్చేస్తావని దాచాను. ఫోనులో నువ్వు చెప్పేదాంట్లో సగం ఊహించుకుని ఊఁ కొడుతున్నాను. మీ అమ్మ ప్రాణం మీదికి తెచ్చింది ఆ ఊఁ కొట్టడమే. వచ్చే వారం ప్రొద్దుటూరులో చెవుల డాక్టరు దగ్గరికి పోతాను.

మొగుడు తన మాట వినడని నలుగురిలో చెప్పి నవ్వేదానివి. ఇప్పుడు వినాలని ఉన్నా వినబడటం లేదు. ఇకనుంచి మందుల సంగతేదైనా రాసి పంపు. ఊరికే మాట్లాడాలనిపిస్తే మాత్రం ఫోనే చెయ్యి. మాట తెలియకపోయినా, నీ గొంతు తెలుస్తుంది.

ఇట్లు,
నీ మాట వినాలని ఉన్న నీ భర్త,
రూబెన్